పాత పెట్టె నుంచి కొత్త సర్వర్‌కు: నిర్వహణ సాఫ్ట్‌వేర్ మార్పిడి

విషయ పరిచయం

గత పాఠంలో వైఫై యాక్సెస్ పాయింట్లు ఎలా పనిచేస్తాయో, వాటన్నిటినీ ఒకే చోటి నుంచి నిర్వహించడానికి కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ ఎందుకు కావాలో తెలుసుకున్నారు. కొన్ని సంస్థల్లో ఆ సాఫ్ట్‌వేర్ మామూలు కంప్యూటర్‌లోనే నడుస్తుంది. చిన్న సంస్థల్లో తరచుగా దానికోసమే తయారుచేసి అమ్మిన ఒక పెట్టెలో నడుస్తుంది. ఇలాంటి పెట్టెను అప్లయన్స్ అంటారు. కొన్నాళ్ళకు కంపెనీ ఆ పెట్టెను తయారు చేయడం మానేస్తుంది. ఇంకొన్నాళ్ళకు దానికి కొత్త వెర్షన్లు ఇవ్వడం కూడా ఆపేస్తుంది. పెట్టె పాడవలేదు, లైటు వెలుగుతూనే ఉంది, అయినా అందులో ఉన్నదాన్ని మరో చోటికి తరలించక తప్పని రోజు వస్తుంది. ఆ పని ఎలా చేయాలో ఈ పాఠంలో చూద్దాం.

ఉదాహరణగా ఒక గోదామును తీసుకుందాం. ఆర్మూరు ప్రాంతంలో పసుపు స్థానం ఏమిటో నిజామాబాద్ జిల్లా అభ్యాసకులకు చెప్పనక్కర్లేదు. జూన్‌లో విత్తిన పంట జనవరి నుంచి తవ్వకానికి వస్తుంది. ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టి, కాడి వేరుగా గోళ వేరుగా బస్తాలకెత్తి నిజామాబాద్ యార్డుకు తోలుతారు. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ మొదలైనప్పుడు దేశం మొత్తం మీద ఎంపికైన తొలి 21 మార్కెట్లలో ఆ యార్డు ఒకటి. కాబట్టి ఇక్కడి రైతుకు తెర మీద ధర చూడటం కొత్త సంగతి కాదు.

మన గోదాము నందిపేటలో ఉందనుకోండి. ఇది బోధన కోసం కల్పించుకున్నది, అందుకే దానికి పేరు పెట్టడం లేదు. గేటు దగ్గర, ధర్మకాంట దగ్గర, షెడ్లలో, ఆఫీసులో కలిపి 9 యాక్సెస్ పాయింట్లు ఉన్నాయి. ధర్మకాంట నుంచి తూకం చీటీ ఆఫీసు ప్రింటరుకు చేరేది వైఫై మీదుగానే. హమాలీల మేస్త్రీ ఫోనులోంచి బస్తాల లెక్క ఎక్కేదీ అలాగే. వీటిని నిర్వహించే కంట్రోలర్ ఆఫీసు బీరువా మీద ఉన్న అరచేతంత పెట్టె: మొదటి తరం యూనిఫై క్లౌడ్ కీ. దాన్ని అమర్చిన కుర్రాడు రెండేళ్ళ క్రితం దుబాయ్ వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆ బాధ్యత మీది.

పెట్టెలో అసలు ఏముంది?

తరలించేముందు ఏం తరలిస్తున్నామో తెలియాలి. పెట్టెలో మూడు రకాల వస్తువులున్నాయి. మొదటిది ప్రోగ్రామ్. దాన్ని మోసుకుపోవలసిన పని లేదు, కంపెనీ వెబ్‌సైటు నుంచి కొత్తది దింపుకోవచ్చు. రెండోది డేటాబేస్. వైఫై పేర్లు, పాస్‌వర్డ్‌లు, ఏ యాక్సెస్ పాయింట్ ఏ షెడ్డులో ఉంది, ఏ ఛానల్ మీద నడుస్తోంది అనే వివరాలన్నీ అందులోనే ఉంటాయి. యూనిఫైలో దీనికి వాడేది మాంగోడీబీ.

మూడోది డేటాబేస్‌లోనే దాగి ఉంటుంది, చాలామంది దాన్ని గమనించరు. ఒక యాక్సెస్ పాయింట్‌ను మొదటిసారి కంట్రోలర్‌తో జతపరిచినప్పుడు ఆ రెంటి మధ్య ఒక రహస్య తాళంచెవి ఏర్పడుతుంది. ఆ తాళంచెవి ఉన్న కంట్రోలర్ మాటే ఆ యాక్సెస్ పాయింట్ వింటుంది. మీరు కొత్త సర్వర్‌లో ఖాళీ కంట్రోలర్‌ను ఎక్కించి నెట్‌వర్క్‌లో వెతికితే 9 పరికరాలూ కనిపిస్తాయి, కానీ ప్రతిదాని పక్కనా అది వేరొకరి నిర్వహణలో ఉందనే మాట కనిపిస్తుంది. అప్పుడు మిగిలేది నిచ్చెన వేసుకుని ఒక్కొక్క దాని దగ్గరికీ ఎక్కి, రీసెట్ బొత్తాన్ని నొక్కి, మళ్ళీ మొదటి నుంచి జతపరచడమే. షెడ్డు ఇనుప దూలాల మీద, కింద పసుపు బస్తాల నిట్టలు ఉండగా ఈ పని ఎలా ఉంటుందో ఊహించుకోండి. బ్యాకప్ ద్వారా తరలిస్తే తాళంచెవులు కూడా వెంట వస్తాయి, నిచ్చెన అవసరం రాదు.

ఇక్కడే ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. పాస్‌వర్డ్‌తో నడిచే మామూలు వైఫైకి ప్రతి క్షణం కంట్రోలర్ అవసరం లేదు. తమకు చివరిసారి అందిన ఆదేశాలతో యాక్సెస్ పాయింట్లు నడుస్తూనే ఉంటాయి. కంట్రోలర్ లేనప్పుడు ఆగేవి గణాంకాలు, మార్పులు చేసే వీలు, అతిథుల కోసం పెట్టిన లాగిన్ పేజీ వంటివి. అంటే పెట్టె ఆగిపోయినా తూకం చీటీలు ఆగవు. ఇది తెలియకనే చాలాచోట్ల నష్టం జరుగుతుంది. పెట్టె లైటు ఆరిందని కంగారుపడి, చక్కగా నడుస్తున్న యాక్సెస్ పాయింట్లను ఎవరో రీసెట్ చేసేస్తారు. అప్పటిదాకా ఏమీ ఆగలేదు, ఆ పనితో అన్నీ ఆగిపోతాయి.

నడుస్తున్నదాన్ని ఎందుకు కదపాలి?

యజమాని అడిగే మొదటి ప్రశ్న ఇదే, న్యాయమైన ప్రశ్న కూడా. మూడు జవాబులున్నాయి.

2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జె అనే జావా భాగంలో పెద్ద భద్రతా లోపం బయటపడింది. ప్రపంచవ్యాప్తంగా దాన్ని వాడిన సాఫ్ట్‌వేర్లన్నిటికీ హడావుడిగా సవరణలు ఇవ్వాల్సి వచ్చింది. యూనిఫై కంట్రోలర్ కూడా ఆ జాబితాలో ఉంది. అప్పటికి ఆ పెట్టెకు కొత్త వెర్షన్లు అందుతున్నాయి కాబట్టి సరిపోయింది. మద్దతు ఆగిన తరువాత ఇలాంటి లోపం బయటపడితే సవరణ రాదు. ఇది ఒక్క పెట్టె సంగతే కాదు. విండోస్ సర్వర్ 2012కు పొడిగించిన మద్దతు 2023 అక్టోబరు 10తో, సెంట్‌ఓఎస్ 7కు మద్దతు 2024 జూన్ 30తో ముగిసింది.

రెండో కారణం కొత్త పరికరాలు. గేటు దగ్గరి యాక్సెస్ పాయింట్ పిడుగుపాటుకు పోతే ఇప్పుడు బజారులో దొరికేది కొత్త మోడల్. దాన్ని గుర్తుపట్టాలంటే కంట్రోలర్ కొత్త వెర్షన్ కావాలి. పాత పెట్టెలో ఆ వెర్షన్ ఎక్కదు.

మూడోది కరెంటు. డేటాబేస్ రాస్తూ ఉండగా కరెంటు పోతే ఫైళ్ళు చెడిపోవచ్చు. మొదటి తరం పెట్టెలో దీనికి రక్షణ లేదు. రెండో తరం పెట్టెలో సురక్షితంగా ఆగిపోవడానికి సరిపడా చిన్న బ్యాటరీ పెట్టారు. వానాకాలంలో మన మండలాల్లో కరెంటు పోయి వచ్చే తీరు మీకు తెలుసు కదా, ఆ బ్యాటరీ ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

మనందరం చూసిన ఒక మార్పిడి

సాంకేతిక వివరాల్లోకి వెళ్ళేముందు, ఇంతకన్నా ఎన్నో రెట్లు పెద్దదైన ఒక మార్పిడిని తలచుకోవడం మంచిది. తెలంగాణలో 2017 సెప్టెంబరులో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది. 2024 చివర్లో దాని నిర్వహణ ప్రైవేటు సంస్థ నుంచి ఎన్‌ఐసీకి మారింది. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. ముందుగా నాలుగు మండలాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. వాటిలో ఒకటి మన పొరుగు కామారెడ్డి జిల్లాలోని లింగంపేట.

ఈ ఏళ్ళలో రైతులు పెట్టుకున్న దరఖాస్తులు గుర్తు తెచ్చుకోండి. సర్వే నంబరు కనిపించడం లేదని ఒకరు, విస్తీర్ణం తగ్గిందని ఇంకొకరు, పట్టా భూమి నిషేధిత జాబితాలో చేరిందని మరొకరు. వీటన్నిటికీ కంప్యూటరే కారణం అనడం సరికాదు. పాత కాగితాల్లోని తప్పులు కూడా వీటిలో ఉన్నాయి. కానీ మనకు కావలసిన విషయం ఒకటుంది. లక్షల వరుసలు సరిగ్గా చేరాయన్న మాట, తన వరుస చేరని రైతుకు ఎందుకూ పనికిరాదు. మొత్తం లెక్క సరిపోవడం వేరు, ఒక్కొక్క వరుస సరిపోవడం వేరు. మన 9 యాక్సెస్ పాయింట్ల చిన్న పనిలోనూ ఈ రెండు తనిఖీలూ విడివిడిగానే చేయాలి.

ముందు కాగితం మీద

పని మొదలయ్యేది కంప్యూటర్ ముందు కాదు. ఒక నోటుపుస్తకం తీసుకుని గోదామంతా తిరగండి. ప్రతి యాక్సెస్ పాయింట్ ఎక్కడుంది, దాని వెనుక అంటించిన చీటీ మీది మ్యాక్ చిరునామా ఏమిటి, కంట్రోలర్‌లో దాని పేరేమిటి రాసుకోండి. ‘ఏపీ-4’ అనే పేరు ఆ కుర్రాడికి అర్థమై ఉండవచ్చు, మీకు ‘రెండో షెడ్డు, తూర్పు మూల’ అని ఉంటేనే పని జరుగుతుంది. పెట్టె ఐపీ చిరునామా, నడుస్తున్న వెర్షన్ నంబరు, వైఫై పేర్లు కూడా రాయండి.

తరువాత పాస్‌వర్డ్‌లు. మీకు రెండు కావాలి: కంట్రోలర్‌లోకి వెళ్ళే నిర్వాహకుడిది ఒకటి, నేరుగా యాక్సెస్ పాయింట్‌లోకి ప్రవేశించడానికి వాడేది ఇంకొకటి. రెండోది కంట్రోలర్ సెట్టింగుల్లో కనిపిస్తుంది. మొదటిదే లేకపోతే? పెట్టె మీది రీసెట్ బొత్తాం జోలికి వెళ్ళకండి, దానితో పాత అమరిక చెరిగిపోతుంది. ముందు దుబాయ్‌కి ఫోన్ చేయండి. ఇది హాస్యానికి చెప్పడం లేదు. గల్ఫ్ వలసలున్న మన జిల్లాలో సగం చిన్న ఆఫీసుల పాస్‌వర్డ్‌లు సముద్రం అవతలే ఉన్నాయనిపిస్తుంది. అరగంట మాట్లాడితే తేలే విషయానికి రెండు రోజులు పోగొట్టుకోవద్దు. పెట్టెలోని మెమరీ కార్డులో ఆటోమేటిక్ బ్యాకప్‌లు ఉండవచ్చు కదా, వాటితో నడిపించవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. అవి ఉపయోగపడతాయి, కానీ బ్యాకప్‌తోపాటు పాత నిర్వాహకుల ఖాతాలు కూడా వస్తాయి. కొత్త సర్వర్‌లో కూడా అదే పాత పాస్‌వర్డ్ అడుగుతుంది.

ఇక సమయం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ పని తలపెట్టకండి. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నప్పుడు వైఫై ఐదు నిమిషాలు ఆగినా దాని బరువు రాత్రంతా వరుసలో ఉన్న రైతు మీదే పడుతుంది. వానలు వెనక్కి తగ్గి, తవ్వకం ఇంకా మొదలుకాని నవంబరు నా లెక్కలో మంచి సమయం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఖాళీ కంట్రోలర్‌ను కొత్త సర్వర్‌లో పెడితే యాక్సెస్ పాయింట్లు దాని మాట ఎందుకు వినవు?
2. పెట్టె ఆగిపోయిన రోజున ధర్మకాంట దగ్గరి తూకం చీటీలు ఆగుతాయా? కారణం రాయండి.

కొత్త సర్వర్, బ్యాకప్

సర్వర్ అనగానే పెద్ద యంత్రం అనుకోనక్కర్లేదు. ఇంత చిన్న నెట్‌వర్క్‌కు 4 జీబీ మెమరీ, ఎస్ఎస్‌డీ ఉన్న మామూలు కంప్యూటర్ చాలు. అయితే రోజంతా బిల్లులు కొట్టే కంప్యూటర్‌నే దీనికి వాడకండి, సాయంత్రం దాన్ని ఎవరో ఒకరు ఆపేసి వెళ్తారు. లినక్స్‌లో ఉబుంటు గానీ డెబియన్ గానీ ఎంచుకుని, కంట్రోలర్‌ను, దానికి కావలసిన జావా, మాంగోడీబీ వెర్షన్లను ఎక్కించండి. ఇక్కడ పాత కంప్యూటర్లు కొన్ని మొండికేస్తాయి. మాంగోడీబీ 5.0 నుంచి ప్రాసెసర్‌లో ఏవీఎక్స్ అనే సదుపాయం ఉండాలి. అది లేని ప్రాసెసర్ మీద డేటాబేస్ మొదలే కాదు, కారణం తెలియక మనం సెట్టింగులన్నీ వెతుకుతూ కూర్చుంటాం. కొనేముందే ప్రాసెసర్ వివరాలు చూసుకోండి. యూపీఎస్‌ను మాత్రం ఖర్చు తగ్గించుకునే వస్తువుల్లో చేర్చకండి.

ఫైర్‌వాల్‌లో తెరవాల్సిన ద్వారాలు ఇవి: యాక్సెస్ పాయింట్లు సర్వర్‌తో మాట్లాడటానికి టీసీపీ 8080, మీరు బ్రౌజర్‌లో చూడటానికి 8443, అలాగే యూడీపీ 3478, 10001. వీటిలో 8080 మూసి ఉంటే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా ఒక్క యాక్సెస్ పాయింట్ కూడా రాదు.

ఇప్పుడు పాత పెట్టె సెట్టింగుల్లోంచి బ్యాకప్ దింపుకోండి. ఎన్ని రోజుల గణాంకాలు కావాలో అడిగితే సెట్టింగులు మాత్రమే చాలనండి. ఫైలు చిన్నదవుతుంది, చెడిపోయే అవకాశమూ తగ్గుతుంది. పోయిన నెల ఎవరు ఎంత డేటా వాడారో మనకు అవసరం లేదు. ఒక నియమం తప్పకుండా పాటించాలి: పాత వెర్షన్ బ్యాకప్‌ను అదే వెర్షన్‌లోకి గానీ కొత్త వెర్షన్‌లోకి గానీ ఎక్కించవచ్చు, కొత్తదాని బ్యాకప్‌ను పాతదానిలోకి ఎక్కించలేరు. అందుకే సర్వర్‌లోని వెర్షన్ నంబరు పెట్టెలోని దానికన్నా తక్కువ కాకుండా చూసుకోండి.

ఫైలు చేతికొచ్చిందంటే బ్యాకప్ అయినట్టు కాదు. విత్తనానికి దాచిన పసుపు కొమ్ము మొలకెత్తిననాడే అది విత్తనం. అలాగే ఆ ఫైలును కొత్త సర్వర్‌లోకి ఎక్కించి చూసినప్పుడే అది బ్యాకప్ అని తేలుతుంది. ఎక్కించండి. పాత ఖాతాతో లోపలికి వెళ్ళండి. 9 పేర్లూ కనిపిస్తాయి, కానీ తొమ్మిదీ తెగిపోయినట్టు చూపిస్తుంది. కంగారుపడకండి, ఈ దశలో అలాగే ఉండాలి. యాక్సెస్ పాయింట్లు ఇంకా పాత పెట్టెతోనే మాట్లాడుతున్నాయి. నోటుపుస్తకం తీసి పేరు పేరునా, వైఫై పేర్లతో సహా సరిపోల్చుకోండి. తేడా ఉంటే ఇక్కడే ఆగిపోవచ్చు. ఇప్పటివరకు గోదాములో ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

చిరునామా మార్పు

అసలు మార్పిడి ఇదే. ప్రతి యాక్సెస్ పాయింట్ లోపల కంట్రోలర్ చిరునామా ఒకటి రాసి ఉంటుంది. దాన్ని ఇన్‌ఫార్మ్ చిరునామా అంటారు. యాక్సెస్ పాయింట్ కొద్ది క్షణాలకోసారి ఆ చిరునామాకు తన క్షేమ సమాచారం పంపుతూ, ఏవైనా ఆదేశాలున్నాయా అని అడుగుతుంది. పోస్టాఫీసులో చిరునామా మార్చుకోవడం లాంటిదే మనం చేయబోయేది: పాత ఇల్లు ఖాళీ చేసేముందు, కొత్త చిరునామాను పాత ఇంటి నుంచే అందరికీ చెప్పాలి. పాత పెట్టెను ముందే ఆపేస్తే చెప్పే నోరు పోతుంది.

మొదట ఒక్కదానితో ప్రయత్నించండి. ఆఫీసులోని యాక్సెస్ పాయింట్‌లోకి ఎస్ఎస్‌హెచ్ ద్వారా ప్రవేశించి, సెట్-ఇన్‌ఫార్మ్ ఆదేశంతో కొత్త సర్వర్ చిరునామా ఇవ్వండి. తాళంచెవి కొత్త కంట్రోలర్ దగ్గర కూడా ఉంది కాబట్టి అది గుర్తుపట్టి కలుపుకుంటుంది. కలిసే సమయంలో ఆ ఒక్క యాక్సెస్ పాయింట్ వైఫై కాసేపు ఆగి రావచ్చు. ఆఫీసులో ఫోన్‌తో వైఫై పట్టి, ప్రింటరుకు ఒక కాగితం పంపి చూడండి. అది పనిచేస్తే, పాత కంట్రోలర్ సెట్టింగుల్లో ఇన్‌ఫార్మ్ హోస్ట్‌ను మార్చే చోట కొత్త సర్వర్ చిరునామా రాయండి. ఆ మాట మిగతా ఎనిమిదింటికీ పాత పెట్టే చెబుతుంది. ఒక్కొక్కటిగా అవి పాత తెర మీద ఆరిపోయి, కొత్త తెర మీద వెలుగుతాయి.

ఇక్కడ ఒక్క అక్షరం తప్పు రాస్తే ఎనిమిదీ లేని ఇంటి తలుపు కొడుతుంటాయి. పాత పెట్టె మాట కూడా ఇక వినవు. అప్పుడు ఒక్కొక్క దానిలోకీ ఎస్ఎస్‌హెచ్ ద్వారా వెళ్ళి సరిచేయాలి. ఆ రెండో పాస్‌వర్డ్ ఎందుకు రాసుకోమన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

చిరునామాగా అంకెలు ఇవ్వాలా, పేరు ఇవ్వాలా? మీ రౌటరులో స్థానికంగా పేర్లు నమోదు చేసే వీలుంటే పేరే ఇవ్వండి. ఈ సర్వర్ కూడా ఒకనాటికి పాతబడుతుంది. అప్పుడు మీ స్థానంలో ఉన్నవారు ఆ పేరు ఎదుట అంకెలు మారిస్తే చాలు, యాక్సెస్ పాయింట్లను కదపనక్కర్లేదు. ఆ వీలు లేకపోతే సర్వర్ ఐపీ చిరునామా ఎప్పటికీ మారకుండా రౌటరులో స్థిరపరచండి.

పాత పెట్టె అంకెలనే కొత్త సర్వర్‌కు ఇచ్చేస్తే ఇదంతా ఉండదు కదా అని కొందరు అంటారు. నిజమే, అలాగా చేయవచ్చు, పాత పెట్టెను ఆపాకే ఆ అంకెలు సర్వర్‌కు ఇవ్వాలి. అయితే ఒక్కదానితో ముందుగా పరీక్షించే అవకాశం పోతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు ఎవరో పాత పెట్టెను మళ్ళీ ప్లగ్‌లో పెడితే ఒకే చిరునామాకు ఇద్దరు హక్కుదారులు తయారవుతారు. పాత పెట్టె పూర్తిగా చచ్చిపోయి, బ్యాకప్ ఫైలు మాత్రమే మిగిలిన సందర్భంలో మాత్రం ఈ పద్ధతే మేలు.

తనిఖీ, ఆ తరువాత

కొత్త తెర మీద 9 అని కనబడటం మొదటి తనిఖీ మాత్రమే. రెండోదానికి కాళ్ళకు పని చెప్పాలి. ఫోన్ పట్టుకుని ప్రతి షెడ్డుకూ వెళ్ళండి. అక్కడ వైఫై దొరుకుతోందా, కొత్త కంట్రోలర్‌లో మీ ఫోన్ ఆ యాక్సెస్ పాయింట్ కిందనే కనిపిస్తోందా చూడండి. ధర్మకాంట దగ్గర ఒక ఖాళీ ట్రాక్టరును ఎక్కించి నిజమైన చీటీ తీయించండి. మేస్త్రీ చేత ఒక బస్తా లెక్క ఎక్కించండి. పని చేసేవారి చేతుల మీదుగా చూడనిదేదీ చూసినట్టు కాదు. అతిథుల లాగిన్ పేజీ ఉంటే దాన్ని కూడా తెరిచి చూడండి, కంట్రోలర్ మీద నేరుగా ఆధారపడేది అదే.

అదే రోజున యాక్సెస్ పాయింట్ల ఫర్మ్‌వేర్‌ను కూడా కొత్తది చేద్దామని తెర మీద సూచనలు ఊరిస్తాయి. ఆగండి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే, ఏదైనా చెడిపోయినప్పుడు ఏ మార్పు వల్ల చెడిందో తెలియదు. ఒక వారం గడవనివ్వండి. ఈలోగా కొత్త సర్వర్‌లో ఆటోమేటిక్ బ్యాకప్‌ను అమర్చి, ఆ ఫైలు సర్వర్‌లోనే కాక ఇంకో చోట కూడా చేరేలా చూడండి. ఆ ఫైలులో వైఫై రహస్యాలన్నీ ఉంటాయి కాబట్టి వాట్సాప్ గ్రూపులో పంచుకునే వస్తువు కాదది. నిర్వాహకుడి పాస్‌వర్డ్ మార్చి, యజమాని దగ్గర సీలు వేసిన కవరులో ఒక ప్రతి పెట్టండి. రేపు మీకూ వీసా రావచ్చు.

పాత పెట్టెను ఆపి, తీగ ఊడదీసి, మీద తేదీ రాసిన చీటీ అంటించి బీరువా లోపల పెట్టండి. ఒక పసుపు సీజను గడిచేదాకా చెరపకండి. ఏప్రిల్ దాటాక, ఎవరూ దానికోసం అడగలేదని తేలాక, రీసెట్ చేసి మెమరీ కార్డును బయటికి తీయండి. అందులో పాత బ్యాకప్‌లు, అంటే ఇప్పటికీ వాడుకలో ఉన్న వైఫై పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఖాళీ పెట్టెను పాత ఇనుము కొనేవారికి వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రానికి అప్పగించండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అది నమోదైన రీసైక్లర్ల దగ్గరికే చేరాలి.